కొత్తవారితో కొండ ఎక్కేటప్పుడు మొహమాటం పనికిరాదు

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్ళు. మాది పీలేరు దగ్గర పల్లె. తిరుపతిలో ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తూ లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. జనవరిలో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కింగ్‌కు ఒక బృందం వెళుతున్నదని ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి పేరు ఇచ్చాను. పదహారు మందిమి, ఎవరికి ఎవరూ తెలియదు. వాట్సాప్ గ్రూపులో చేర్చి, సగం డబ్బు వెంటనే కట్టమంటున్నారు. "ముక్కూ మొహం తెలియనివాళ్ళతో మంచుకొండలకు పోతావా?" అని అమ్మ కోప్పడుతోంది. బ్యాంకు స్నేహితులతో వెళుతున్నానని చెప్పేద్దామా అనిపిస్తోంది. తిరుమల తప్ప నేను వేరే కొండ ఎక్కి ఎరుగను. ఇలాంటి ప్రయాణంలో ఏయే పొరపాట్లు చేయకూడదో చెప్పగలరా?
- ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీరు వెళ్ళాలనే నా అభిప్రాయం. అయితే డబ్బు కట్టే ముందు, నడక మొదలయ్యే ముందు, గుడారంలో పడుకునే ముందు కొన్ని విషయాల్లో మీరు గట్టిగా ఉండాలి. "ఎక్కడికి వెళ్ళాలి, ఏం కొనాలి" అనే ఉత్తరాలు మాకు చాలా వస్తాయి. ఏం చేయకూడదో అడిగేవారు తక్కువ. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ అమ్మగారి భయం సంగతి చూద్దాం. అది న్యాయమైన భయమే కానీ, ఆమె చూపిస్తున్న కారణం పూర్తిగా సరైనది కాదు. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయిన సంగతి తెలుగునాట ఎవరూ మరచిపోయి ఉండరు. వాళ్ళందరూ ఒకే కాలేజీ పిల్లలు, ఒకరికొకరు బాగా తెలిసినవారు. పైన ఉన్న లార్జీ ఆనకట్ట నుంచి నీరు వదులుతారని, వదిలితే నది నిమిషాల్లో పెరుగుతుందని వాళ్ళను హెచ్చరించి ఒడ్డుకు రప్పించిన వారు లేకపోవడమే ఆ ఘోరానికి దారితీసింది. 2018 మార్చిలో తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో కార్చిచ్చులో చిక్కుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండుగడ్డి నిండిన కొండ మీద వేసవి మొదట్లో నడవడం ఎంత ప్రమాదమో వాళ్ళలో చాలామందికి తెలిసి ఉండదు. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో కర్ణాటక నుంచి వెళ్ళిన బృందం మంచు తుఫానులో చిక్కుకోగా తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ తోడు వచ్చినవారు కొత్తవారు కావడం వల్ల జరగలేదు. నీటి తీరు, నిప్పు తీరు, వాతావరణం తీరు తెలియకపోవడం, తెలిసినా వెనక్కి తిరగలేకపోవడమే ఇటువంటి చోట్ల ప్రాణాల మీదికి తెస్తుంది.

అయినప్పటికీ కొత్తవారితో వెళ్ళడంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అది మన మొహమాటం. ఇంట్లోవాళ్ళతో అయితే "నాకు తల తిరుగుతోంది, కాసేపు కూర్చుందాం" అని వెంటనే అంటాం. కొత్తవారి ముందు అదే మాట గొంతులో ఆగిపోతుంది. అందరూ నడుస్తున్నారు కదా, నా ఒక్కదాని వల్ల ఆలస్యమైతే ఏమనుకుంటారో అని ఓర్చుకుంటాం. డబ్బు గురించి అడిగితే అనుమానిస్తున్నామనుకుంటారని అడగం. నచ్చని పనికి వద్దని చెప్పాల్సిన చోట నవ్వి ఊరుకుంటాం. ఊళ్ళో పెళ్ళి విందులో ఈ స్వభావం వల్ల పెద్ద నష్టం లేదు గానీ, పన్నెండు వేల అడుగుల ఎత్తులో దాని వల్ల ప్రమాదం ఉంది. నేను చెప్పబోయేవన్నీ ఏదో ఒక విధంగా దీనికి సంబంధించినవే.

ఇక డబ్బు సంగతి. సగం సొమ్ము "వెంటనే" కట్టమంటున్నారని రాశారు. ఎవరు తొందరపెట్టినా మీరు తొందరపడవద్దు. ఆ సొమ్ము సంస్థ పేరున ఉన్న ఖాతాకు వెళుతున్నదా, లేక ఒక వ్యక్తి సొంత ఫోన్‌పే నంబరుకు వెళుతున్నదా చూడండి. బ్యాంకులో పనిచేసే మీకు ఈ తేడా ఒకరు చెప్పనక్కరలేదు గానీ, సెలవు ఉత్సాహంలో మనకు తెలిసిన జాగ్రత్తలే మనం మరచిపోతుంటాం. రసీదు ఇస్తారా, మీరు మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారు, వాతావరణం బాగాలేక వాళ్ళే రద్దు చేస్తే ఎంత ఇస్తారు అన్నవి నోటిమాటగా కాక రాతలో తీసుకోండి. ఆ తర్వాత అడగవలసిన ప్రశ్నలు ఇంకా ముఖ్యమైనవి. మాతో కొండ మీదకు నడిచేది ఎవరు, ఆయన ఏ శిక్షణ పొందారు? ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ, డార్జిలింగ్‌లోని హిమాలయన్ పర్వతారోహణ సంస్థ వంటి చోట్ల బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులు చేసినవారు ఉంటారు, అటువంటివారా? పదహారు మందికి ఎందరు గైడ్లు? ఆక్సిజన్ సిలిండరు, వేలికి పెట్టి చూసే పల్స్ ఆక్సీమీటరు వెంట ఉంటాయా? ఎవరికైనా బాగాలేకపోతే ఏ దారిన, ఎంతసేపట్లో కిందికి దింపుతారు? కేదార్‌కంఠ దారి గోవింద్ అభయారణ్యంలో ఉంది కాబట్టి అటవీశాఖ అనుమతి ఎవరి పేరున తీసుకుంటున్నారు?

ఈ ప్రశ్నలను నిర్వాహకుడికి విడిగా కాక, గ్రూపులో అందరికీ కనిపించేలా అడగండి. మీరు అడిగితే మరో ఇద్దరు తమ సందేహాలు బయటపెడతారు, అందరికీ జవాబు ఒకేసారి తెలుస్తుంది. ఓపికగా, ఒక్కొక్కదానికీ సమాధానం ఇచ్చే నిర్వాహకుడిని నమ్మవచ్చు. "భయపడితే ఇంట్లో ఉండండి మేడం" అన్నట్టుగా మాట్లాడితే మాత్రం, అటువంటి మనిషి కొండ మీద మీకు తలనొప్పి వచ్చినా అలాగే మాట్లాడతాడని గ్రహించి, ఆ గ్రూపులోంచి బయటకు వచ్చేయండి. అందరికన్నా చౌకగా తీసుకెళ్తామన్న వారి దగ్గర ఆ తగ్గింపు ఎక్కడ నుంచి వస్తున్నదో ఆలోచించాలి. గైడ్ల సంఖ్యలో, గుడారాల నాణ్యతలో, సామాను మోసే స్థానికుల కూలీలో తప్ప ఇంకెక్కడా పెద్దగా తగ్గించడానికి వీలుండదు. బీమా సంగతి కూడా చూసుకోండి. మీ బ్యాంకు ఇచ్చిన ఆరోగ్య బీమాలో సాహస క్రీడలను మినహాయించే నిబంధన ఏదైనా ఉందేమో చదివి, ఉంటే ఈ ప్రయాణానికి ప్రత్యేకంగా పాలసీ తీసుకోండి.

తిరుగు ప్రయాణపు టికెట్టు విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డెహ్రాడూన్ నుంచి నడక మొదలయ్యే సాంక్రీ గ్రామానికి సుమారు 200 కిలోమీటర్లు, ఘాట్ రోడ్డు కావడం వల్ల ఒక పగలంతా పడుతుంది. ఆ తర్వాత మూడు నాలుగు రోజుల నడక, మళ్ళీ అదే దారిన వెనక్కి. కిందికి దిగిన రాత్రికే ఢిల్లీలో రైలో విమానమో అందుకోవాలని టికెట్టు తీసుకున్న మనిషి, శిఖరం ఎక్కాల్సిన రోజు ఉదయం మంచు కురుస్తుంటే ఒక రోజు ఆగుదామన్న మాటకు ఒప్పుకోలేడు. గైడు మీద ఒత్తిడి తెస్తాడు. బృందంలో అటువంటివారు నలుగురు ఉంటే గైడు కూడా లొంగిపోతాడు. అందుచేత సెలవు అడిగేటప్పుడే రెండు రోజులు ఎక్కువ అడగండి. ఇవ్వకపోతే ఈ ప్రయాణాన్ని సెలవు దొరికే కాలానికి వాయిదా వేసుకోవడం మంచిది.

తిరుమల తప్ప వేరే కొండ ఎక్కలేదని కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు రాశారు. నిజానికి ఇంటి గుమ్మంలో అంత మంచి సాధన స్థలం ఉండటం మీ అదృష్టం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వెళ్ళే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. కాకపోతే మొక్కు తీర్చుకోవడానికి ఏడాదికోసారి ఎక్కడం సాధన కిందకు రాదు. ఇప్పటి నుంచి వారానికి రెండుసార్లు, వీపు మీద అయిదారు కిలోల బరువు వేసుకుని ఎక్కండి. రెండో విషయం, ఎక్కినవారిలో ఎక్కువమంది తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఎక్కేస్తారు. మీరు అలా చేయవద్దు. మోకాళ్ళకు అసలు పరీక్ష దిగేటప్పుడే. గాలిగోపురం నుంచి కిందికి దిగుతున్నప్పుడు చూడండి, మొదటి వంద మెట్లు హాయిగా ఉంటాయి, ఆ తర్వాత తొడ కండరాలు సన్నగా వణకడం మొదలవుతుంది, పాదం సరిగ్గా పెట్టలేక పక్కనున్న పిట్టగోడను పట్టుకుంటాం. శిఖరం చూసి వచ్చిన ఆనందంలో, అలసిపోయిన కాళ్ళతో, మంచు మీద దిగుతున్నప్పుడు ఆ వణుకు వస్తే పట్టుకోవడానికి గోడ ఉండదు. మూడోది బూట్లు. భక్తితో చెప్పులు లేకుండా ఎక్కడం వేరు, సాధన వేరు. ప్రయాణానికి వేసుకునే బూట్లతోనే సాధన చేయండి. ప్రయాణం ముందు రోజు కొన్న కొత్త బూట్లతో సాంక్రీలో నడక మొదలుపెట్టినవారికి రెండో రోజుకే మడమల మీద బొబ్బలు లేస్తాయి.

సాధన పేరుతో మెట్ల దారి వదిలి శేషాచలం అడవిలోకి మాత్రం వెళ్ళవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారి పరిసరాల్లో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకున్న తర్వాత ఆ దారిలో సమయాల విషయంలో నిబంధనలు వచ్చాయి. వాటిని పాటిస్తూ నడవండి.

ఒక మాట పక్కకు వెళ్ళి చెబుతున్నాను, కానీ మీకు అవసరమైనదే. హిమాలయాలకు ముందు కొత్తవారితో ఒక చిన్న ప్రయాణం చేసి చూద్దామని మీకు తప్పక అనిపిస్తుంది. మన చుట్టుపక్కల తలకోన, నాగలాపురం, ఉబ్బలమడుగు వైపు శని ఆదివారాల్లో బృందాలు వస్తూనే ఉంటాయి. అనుమతి ఉన్న చోటికి, అనుమతి ఉన్న కాలంలో తీసుకెళ్ళేవారితో అయితే నిరభ్యంతరంగా వెళ్ళండి. "టికెట్టు అవసరం లేదు, మాకు వేరే దారి తెలుసు" అన్నవారితో మాత్రం అడుగు కూడా వేయవద్దు. ఇది ఎర్రచందనం అడవి. అనుమతి లేకుండా అందులో తిరిగేవారిని అటవీ సిబ్బంది ఆపితే, ట్రెక్కింగ్‌కు వచ్చామన్న జవాబుతో పని జరగదు. దానికన్నా పెద్ద ప్రమాదం నీటితో. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పైన కొండ మీద వాన కురిస్తే, కింద మనం నిలబడిన చోట ఎండ కాస్తుండగానే వంక పొంగుతుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి కొన్ని నెలల పాటు మూతపడింది. రాతి మెట్లనే కదిలించిన నీరు మడుగులో ఈదుతున్న మనిషిని వదులుతుందా? అడుగు కనిపించని మడుగులోకి ఎవరు దూకమన్నా, ఎందరు దూకుతున్నా, ఈత వచ్చినా దూకవద్దు. నా అనుభవంలో, పిరికిదానివని నవ్వేవాళ్ళు ఆ సాయంత్రానికే ఆ సంగతి మరచిపోతారు.

ఇప్పుడు ఎత్తు గురించి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తు. కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగులు. అక్కడ మన ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండు వంతుల కంటే కూడా కొంచెం తక్కువ. ఎనిమిది వేల అడుగులు దాటిన దగ్గర నుంచి ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. బాగా వ్యాయామం చేసినవారికి రాదని లేదు. ఇంకా చెప్పాలంటే, బలంగా ఉన్నవారు వేగంగా ఎక్కడం వల్ల ఒక్కోసారి వారికే ముందు వస్తుంటుంది. తలనొప్పి, దానితోపాటు వాంతి వచ్చేలా ఉండటం, అన్నం సహించకపోవడం, నిద్ర పట్టకపోవడం, కారణం లేని నీరసం దాని మొదటి గుర్తులు. ఆ స్థితిలో ఇంకా పైకి వెళ్ళకూడదు. విశ్రాంతి తీసుకున్నా తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగిపోవాలి. కూర్చున్నా ఆయాసం ఆగకపోవడం, విడవని దగ్గు, తాగినవాడిలా అడుగు తడబడటం, మాట పొంతన లేకుండా పోవడం కనిపిస్తే అర్ధరాత్రి అయినా సరే వెంటనే కిందికి దింపాలి. అందుబాటులో ఉన్న ఆక్సిజన్ ఇస్తూ దింపాలి తప్ప, ఆక్సిజన్ ఉంది కదా అని అక్కడే ఉంచకూడదు.

ఒక బృందంలో నాతో నడిచిన యువకుడి సంగతి చెబుతాను. మొదటి రోజంతా అందరికన్నా ముందున్నాడు, వెనకబడిన వారిని ఉత్సాహపరిచాడు, ఇద్దరి సంచులు కూడా మోశాడు. రాత్రి భోజనం దగ్గర రొట్టెను చిన్న చిన్న ముక్కలు చేసి పళ్ళెంలో ఒకవైపుకు నెడుతూ కూర్చున్నాడు. ఏమిటని అడిగితే ఆకలిగా లేదన్నాడు. తెల్లవారి బూటు తాడు కట్టుకోవడానికి వంగి, కట్టలేక, మళ్ళీ మళ్ళీ అదే ముడి వేస్తుంటే గైడు వచ్చి అతని పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. ముందు రోజు మధ్యాహ్నం నుంచీ తల పగిలిపోతున్నదని, అందరికీ ధైర్యం చెప్పిన తాను ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నానని అప్పుడు బయటపెట్టాడు. ఒక గైడును తోడిచ్చి కిందికి పంపారు, మధ్యాహ్నానికి కోలుకున్నాడు. ఆ గైడు కంట పడకపోయి ఉంటే అతను పైకే నడిచేవాడు. మీరు మీ ఒంట్లో సంగతి దాచకండి. అలాగే పక్కవారు పళ్ళెం పక్కకు నెడుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోకండి.

దాచకూడదన్న నియమం ఇంటి దగ్గరే మొదలవుతుంది. నిర్వాహకులు ఇచ్చే ఆరోగ్య పత్రంలో చాలామంది అన్నింటికీ "లేదు" అని రాసి సంతకం పెడతారు. ఉబ్బసం, రక్తపోటు, రక్తహీనత, థైరాయిడ్, మూర్ఛ, పాత మోకాలి దెబ్బ, వాడుతున్న మందులు ఏవి ఉన్నా ఉన్నట్టు రాయండి. రుయాలో గానీ స్విమ్స్‌లో గానీ మీకు వీలైన చోట ఒకసారి డాక్టరుకు చూపించుకుని, రక్తంలో హిమోగ్లోబిన్ శాతం పరీక్ష చేయించుకోండి. ఎత్తు జబ్బు రాకుండా చాలామంది వాడే డయామాక్స్ మాత్రను గ్రూపులో ఎవరో చెప్పారని మింగవద్దు. సల్ఫా మందులు పడనివారికి అది ఇబ్బంది చేయవచ్చు కాబట్టి డాక్టరు సలహాతోనే వాడాలి. నెలసరి ఆ రోజుల్లో వచ్చేలా ఉంటే దానికీ సిద్ధంగా వెళ్ళండి, కావలసినవి అక్కడ దొరకవు. దానిని వాయిదా వేసే మాత్రలు కూడా సొంతంగా వేసుకోవద్దు. కొందరిలో వాటి వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

చలి గురించి మన ప్రాంతం వారికి ఊహ సరిపోదు. జనవరిలో అక్కడ రాత్రిళ్ళు ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పోతుంది. జీన్స్ ప్యాంటు, నూలు బనియను, నూలు మేజోళ్ళు ఇక్కడ ఎంత సుఖమో అక్కడ అంత చేటు. చెమటకో మంచుకో తడిస్తే ఆరవు, ఒంట్లో వేడినంతా లాగేస్తాయి. లోపల త్వరగా ఆరే బట్ట, దాని మీద ఉన్ని లేదా ఫ్లీసు, అన్నిటికీ పైన గాలినీ మంచునూ ఆపే జాకెట్టు, ఇలా పొరలుగా వేసుకోవాలి. ఇవన్నీ తిరుపతిలో కొనాలని తిరగకండి. జాకెట్టు, కర్ర, బూట్లకు తగిలించే ముళ్ళ పట్టీలు సాంక్రీలో అద్దెకు దొరుకుతాయి. బూట్లు, లోపలి బట్టలు, మేజోళ్ళు మాత్రం సొంతవే ఉండాలి. ఫోను చలికి త్వరగా ఆరిపోతుంది, రాత్రి పడక సంచిలో ఒంటికి దగ్గరగా పెట్టుకోండి. ఇంటి నుంచి చెనక్కాయల చిక్కీ, కొంచెం కారప్పొడి తీసుకువెళితే, నోరు చప్పబడిన పూట మీకే కాదు, పక్కవారికీ పనికొస్తాయి.

రాత్రి బస విషయం రాతలో తేల్చుకోండి. గుడారంలో ఎవరితో పడుకోవాలన్నది అక్కడికి వెళ్ళాక నిర్ణయిస్తామంటే ఒప్పుకోకండి. ఆడవాళ్ళకు విడిగా గుడారం ఉంటుందా, బృందంలో మీరు కాక ఎందరు ఆడవాళ్ళు ఉన్నారు అని ముందే అడగండి. మీరొక్కరే అయితే మరో బృందంలోకి మార్చమనండి. ఆధార్ కార్డు నకలు ఇవ్వండి, అసలు కార్డు ఎవరి చేతికీ ఇవ్వవద్దు. మంట చుట్టూ కూర్చున్నప్పుడు మద్యం సీసా చేతులు మారవచ్చు. వద్దని ఒక్కసారి చెప్పండి, కారణాలు చెప్పడం మొదలుపెట్టకండి, కారణం చెబితే దానికి ఎదురు వాదన వస్తుంది. అలవాటున్నవారు కూడా అక్కడ తాగకూడదు. మద్యం, నిద్రమాత్రలు రెండూ ఆ ఎత్తులో నిద్రలో ఊపిరిని మరింత మందగింపజేస్తాయి. ఎవరి ప్రవర్తన అయినా మీకు ఇబ్బందిగా తోస్తే రేపు చూద్దామని ఆగకుండా, వెంటనే గైడుకూ మరో ఆడమనిషికీ చెప్పండి. ఫోను పలికే చోట 112 మీకు అందుబాటులో ఉంటుంది.

మనవాళ్ళకున్న ఒక అలవాటు గురించి కూడా చెప్పాలి. పరిచయమైన పది నిమిషాల్లో "ఏ ఊరు, మీరేమిట్లు, పెళ్ళయిందా, జీతమెంత" అని అడిగేస్తాం. ఈ ప్రశ్నలు మీరు ఎవరినీ అడగవద్దు, మిమ్మల్ని అడిగితే జవాబు చెప్పి తీరాలన్న నియమమూ లేదు. బృందంలో ఇంకో ఇద్దరు తెలుగువారు కనిపిస్తే ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది, సహజమే. కానీ ఆరు రోజులూ ముగ్గురే తెలుగులో మాట్లాడుకుంటూ కూర్చుంటే మిగతావారు మీకు దూరమవుతారు, అవసరానికి ఆ దూరం అడ్డు వస్తుంది. హిందీ అంతగా రాకపోయినా వచ్చినంతలో గైడుతో, సామాను మోసేవారితో, వంట చేసేవారితో మాట్లాడండి. కొండ సంగతి తెలిసినవారు వాళ్ళే. మంచులో మీకు వేడి టీ అందించేవారిని పేరు పెట్టి, మర్యాదగా పిలవండి.

నడకలో ఎవరితోనూ పోటీ పడవద్దు. బృందం మొత్తానికి ముందు ఒక గైడు, వెనక ఒక గైడు ఉంటే, మీరు వారిద్దరి మధ్యలో ఉండాలి. ఫోటో కోసమో, కాలకృత్యాల కోసమో ఆగాల్సి వస్తే పక్కన ఉన్నవారికి చెప్పి ఆగండి. సిగ్గుపడి చెప్పకుండా చెట్ల చాటుకు వెళ్ళి దారి తప్పినవారు ఉన్నారు. చలిలో దాహం తెలియదు కాబట్టి నీళ్ళు తాగడం మానేయవద్దు, పదే పదే పక్కకు వెళ్ళాల్సి వస్తుందని చాలామంది ఆడవాళ్ళు నీళ్ళు తగ్గిస్తారు, అది మరీ ప్రమాదం. శిఖరానికి తెల్లవారకముందే బయలుదేరతారు. ఆ చీకట్లో గైడు "ఇక చాలు, వెనక్కి పోదాం" అంటే, ఇంత డబ్బు కట్టి వచ్చామన్న మాట ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాటకు మీరు వంత పాడకండి, వీలైతే గైడు పక్షాన మీ గొంతు వినిపించండి. కొత్తవారి మధ్య ఒక్క మనిషి ముందుకొచ్చి "నేను వెనక్కి వస్తాను" అంటే, మనసులో అదే అనుకుంటూ బయటికి చెప్పలేకపోతున్న మరో నలుగురికి దారి దొరుకుతుంది.

మంచు మన దక్షిణాదివారికి పడదని ఎవరైనా నిరుత్సాహపరిస్తే పట్టించుకోకండి. నిజామాబాదు జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మేలో పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. అయితే ఆమె అంతకుముందు నెలల తరబడి భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది వెళ్ళిందన్నది కూడా గుర్తుంచుకోండి.

అమ్మగారికి బ్యాంకు స్నేహితులతో వెళుతున్నానని చెప్పాలనుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఇందులో నీతి గురించి నేను మాట్లాడటం లేదు. రేపు ఏదైనా జరిగితే మీ ఇంటివారు మీ బ్యాంకు స్నేహితులకు ఫోన్లు చేస్తారు, వారు తిరుపతిలోనే కనిపిస్తారు, మిమ్మల్ని ఎక్కడ వెతకాలో తెలుసుకునేలోగా విలువైన సమయం పోతుంది. నిజమే చెప్పి, ఒక కాగితం మీద నిర్వాహకుడి పేరు, గైడు నంబరు, డెహ్రాడూన్‌లో బస చేసే చోటు, ఏ రోజు ఎక్కడ ఉంటారో రాసి ఇవ్వండి. సాంక్రీ దాటిన తర్వాత ఫోను పలకడం అరుదు కాబట్టి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు మీ నుంచి ఫోను రాదో, ఏ తేదీ రాత్రికి కూడా రాకపోతే ఎవరికి ఫోను చేయాలో స్పష్టంగా చెప్పండి. వీలైతే నిర్వాహకుడి చేత అమ్మగారితో ఒకసారి మాట్లాడించండి. తెలుగు రాకపోతే మీరే పక్కన కూర్చుని తర్జుమా చేయండి. ఆమె అడిగే ప్రశ్నల్లో మీకు తట్టనివి కొన్ని ఉంటాయని నా నమ్మకం. ఇవన్నీ అయిన తర్వాత కూడా ఆమె పూర్తిగా సమాధానపడకపోవచ్చు. ఇరవై ఏడేళ్ళ మనిషిగా నిర్ణయం మీదే, కానీ అది ఆమెకు తెలిసి జరగాలి.

తిరిగి వచ్చాక చేయకూడనివి కొన్ని ఉన్నాయి, అవి తొందరగా చెప్పేస్తాను. దారిలో ఒకరికొకరు పెట్టుకున్న ఖర్చుల లెక్క డెహ్రాడూన్‌లోనే తేల్చుకోండి, ఇంటికి వచ్చాక అడగడం ఇద్దరికీ ఇబ్బంది. అలసి పడుకున్నవారి ఫోటోలు, గుడారంలో తీసినవి, వారి అనుమతి లేకుండా ఎక్కడా పెట్టవద్దు. మీ ఫోటోలు పెట్టవద్దని చెప్పే హక్కు మీకూ ఉంది. ఆరు రోజుల స్నేహంలో ఎవరైనా అప్పు అడిగితే, వ్యాపారంలో చేరమంటే, లేదా వెంటనే మరో ప్రయాణానికి ఇద్దరమే వెళదామంటే తొందరపడి మాట ఇవ్వకండి. బృందంలో మనిషి ఎలా ఉన్నాడో మీరు చూశారు, బృందం లేనప్పుడు ఎలా ఉంటాడో ఇంకా చూడలేదు.

ప్రస్తుతానికి నేను పైన రాసిన ప్రశ్నలను ఈ రోజే ఆ గ్రూపులో పెట్టి మూడు రోజులు గడువు ఇవ్వండి. జవాబులు రాతలో వస్తే అడ్వాన్సు కట్టండి. రాకపోతే ఆ సొమ్ముతో మంచి బూట్లు కొనుక్కుని, అలిపిరిలో సాధన కొనసాగిస్తూ, మరో నిర్వాహకుడి కోసం చూడండి. కేదార్‌కంఠ దారిలో ఏప్రిల్ వరకూ బృందాలు వెళుతూనే ఉంటాయి.